వల కన్ను

రాత్రి డ్యూటీలో
ఎర్ర బీరువా తాళంచెవి నా మెడలో ఉంటుంది.
లోపల పద్దెనిమిది సీసాలు.
అన్నీ ఓడిపోయాక పిలవాల్సినవి.

మూడో అంతస్తు కిటికీలో
లంగరేసిన ఓడల దీపాలు.
డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్
ఇటు చూసి, అటు చూసి పోతోంది
రౌండ్సుకొచ్చి ఎవర్నీ ముట్టుకోని పెద్ద డాక్టరులా.

జాలారిపేట నుంచి సూరాడ ఎల్లాజీని
ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు.
అరికాల్లో జెల్ల ముల్లు, తొమ్మిది రోజుల కిందట.
మోకాలి దాకా కాలు పనసకాయ.
కొర్లమ్మ కొంగుముడి విప్పి
నా బల్లమీద పోసింది
సగం సగం చింపిన మూడు మందు అట్టలు.
ఒకటి షాపు కుర్రాడిచ్చింది,
ఒకటి మరిది మిగుల్చుకున్నది,
ఒకటి ఎవరిదో ఆమెకే తెలీదు.
"నొప్పి తగ్గితే మానేసినాడమ్మా.
మల్లీ పోటెత్తితే మల్లీ ఏసినాడు."
పోటు.
సముద్రానికీ పుండుకీ మనకి ఒకటే మాట.

హౌస్ సర్జన్ హిమకర్ కాగితం తెచ్చాడు.
బీరువాలో మందు పేరు, కింద ఒక్క సంతకం.
రెండో గడి ఖాళీ.
"పెద్దది వేసేద్దాం మేడం, రిస్క్ ఎందుకు?"
ఆ 'ఎందుకు' నాకు తెలుసు,
తెల్లకోటు తొడుక్కున్న భయం అది.
నేనూ తొడుక్కున్నాను చాలా రాత్రులు.
"చీము ల్యాబుకి పోయిందా?"
తల దించాడు.
"ముందది పంపు. రక్తం కూడా.
వెంటనే చార్టులో మొదటి మందు ఎక్కించు, క్షణం ఆగొద్దు.
సర్జన్ని లేపు. కత్తి చెయ్యాల్సిన పని
ఏ సీసా చెయ్యదు.
రెండో సంతకం అవసరమైతే
మేడాన్ని నేనే నిద్ర లేపుతాను."

కొర్లమ్మకి సగమే వినపడింది.
"పెద్ద సూది దాసుకుని సిన్నది ఏత్తారేటి?
మేం పేదోలమనేనా?"

రిజిస్టరులో దీనికి జవాబు లేదు.
పద్నాలుగో మంచం సంగతి ఆమెకి చెప్పలేదు.
పోయిన ఆషాఢంలో,
పంతొమ్మిదేళ్ల పిల్లాడు,
రిపోర్టులో ఇరవై వరసలు, ప్రతి వరస చివరా
లొంగదు, లొంగదు, లొంగదు.
ఆ రోజూ బీరువా నిండుగానే ఉంది.
తెరిచాను కూడా.

పక్కన కూచుని అడిగాను,
"మీ వల కన్ను ఎంత?"
వింతగా చూసింది.
"ఏ సేపకి? కవళ్లకైతే సిన్న కన్ను.
వంజరానికి నా నాలుగేళ్లూ దూరాల."
"అన్నిటికీ సిన్న కన్నే ఏసీవచ్చు గదా?
ఏదీ తప్పించుకోదు."
"బాగుంది! పిల్లా గుడ్డూ ఊడ్సుకొచ్చెత్తాది.
మరుసటేడు ఏటి దొరుకుద్ది, ఇసకా?"
అనేసి, ఆగిపోయింది.

ఏటా వేసవిలో అరవయ్యొక్క రోజులు
ఒడ్డుకి లాగిన పడవల నీడలో
గంజి తాగి వేట మానే మనిషి.
గోడమీది పోస్టరు మూడేళ్లుగా అరుస్తున్నది
ఆమెకి ముందే వచ్చు.

"ఏ సేపో తెలీడానికి ఎన్నాళ్లు?"
"రెండు మూడ్రోజులు. అంతదాకా వల నీళ్లలోనే ఉంటుంది.
తెలిశాక మారుస్తాం."
"ఊఁ" అంది. నమ్మకం కాదది,
కాచుకోవడం అలవాటైన గొంతు.

మూడో రోజు ల్యాబులో షకీలా ప్లేటు ఎత్తి చూపింది.
గంజిరంగు జెల్లీ మీద పరుచుకున్న మూక.
కొన్ని మందు బిళ్లల అంచుదాకా
సిగ్గులేకుండా వచ్చేసింది.
ఒక్క పాత బిళ్ల చుట్టూ మాత్రం
పెద్ద గుండ్రటి ఖాళీ,
చీకటి నీళ్లమీద పడవ లాంతరు వెలుగంత.
నా చదువుకునే రోజుల్నాటి మందు.
అర డజను అరటిపళ్ల ఖరీదు.

కాలు దక్కింది.
రెండు వేళ్లు దక్కలేదు.

వెళ్లేరోజు కొర్లమ్మ
ఆ మూడు చింపిరి అట్టలూ నా చేతిలో పెట్టి,
"మల్లీ ఎవులికో ఇచ్చేత్తానేమో, ఉంచు" అంది.

ఆ రాత్రే ఎనిమిదో మంచానికి కాగితం వచ్చింది.
ల్యాబు రిపోర్టు కుట్టి ఉంది. రెండు సంతకాలు.
మారు మాట లేకుండా తాళం తీశాను.

రిజిస్టరులో పదిహేడు అని రాసి
ఎందుకో
అంకె చుట్టూ ఒక సున్నా చుట్టాను.